కదలని కొత్త బండి

పోయిన దసరాకు మల్కాజ్‌గిరిలో మా ఇంటి ముందు నా కొత్త బండికి పూజ చేశాం. దూర ప్రయాణాలకని కొన్న బరువైన మోటార్‌సైకిల్ అది. "గంత బండి నీతోని కాదు, వాపస్ ఇచ్చెయ్" అని నాన్న పట్టుబట్టారు.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. వీధంతా చూస్తుండగా గేరు వేసి క్లచ్ వదిలాను. ఇంజన్ అరిచింది గానీ బండి కదల్లేదు. ఇంకా రేజ్ చేశాను. అక్కడే ఉంది.

"ఏమైందే?" అంది అమ్మ. నాకేమీ అర్థం కాలేదు.

నాన్న పరుగెత్తుకొచ్చారు. "గేరు తియ్యి బిడ్డా! పూజకని సెంటర్ స్టాండ్ ఏసినం, తియ్యలే. ఎన్క చక్రం గాల్లనే తిరుగుతున్నది!"

అందరూ నవ్వారు. గేరు తీశాక నాన్నే వెనకనుంచి నెట్టారు. బండి స్టాండ్ దిగింది, నిమ్మకాయలు చితికాయి.

"ఇగ పో. మెల్లగ పో" అన్నారాయన.

నాకు చేతకాదని వీధి మొత్తానికీ తెలిసిన ఆ క్షణంలోనే ఆయన ఎందుకు ఒప్పుకున్నారో, ఇప్పటికీ నాకు తెలియదు.