పాలబండికి పెంచిన బలం

నిన్న సాయంత్రం సైదాబాద్ సిగ్నల్ దగ్గర నా ముందు ఒక చిన్న బండి ఆగి ఉంది. దాని మీదున్నతను రెండు వైపులా నీళ్ళ క్యాన్లు వేలాడదీసుకున్నాడు. పచ్చలైటు పడగానే బండి గట్టిగా అరిచింది గానీ కదల్లేదు. అతను కాళ్ళతో నేలను తన్నుకుంటూ ముందుకు తోసుకున్నాడు. క్లచ్ ప్లేట్లు మాడిన వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే నాకు బాలమణి అక్క గుర్తొస్తుంది. నాది పొద్దంతా ఇనుము చెక్కే లేత్ మెషీన్ ముందు నిలబడి వచ్చిన ఒళ్ళు. వెనక హారన్లు మోగుతున్నా కాసేపు కదలబుద్ధి కాలేదు.

బాలమణి అక్క నాకు చుట్టం కాదు. గోడకు అవతలి ఇల్లు. తాతల నాటి నుంచి వాళ్ళది పాల వ్యాపారం. ఇంటి వెనక రేకుల కొట్టంలో బర్రెలుండేవి. పిండేది ఆమె, బండి మీద తీసుకుపోయి పోసేది ఆమె భర్త మల్లేశన్న. ఆయనకు నడుము పట్టేసి, బండి నడపొద్దని డాక్టర్ చెప్పాక పోసే పని కూడా ఆమె మీదే పడింది. నలభై దాటిన మనిషి, చీర ఎగదోపుకుని మా వీధిలోనే బండి నేర్చుకుంది. నవ్వినవాళ్ళు నవ్వారు. ఆమె ఎవరి వైపూ చూడలేదు.

అది బాగా పాత బండి, చిన్న ఇంజన్. బార్కస్ హోటళ్ళకు పాలు తీసుకుపోయే దారిలో ఒక నిటారైన ఎక్కుడు ఉంది. నిండు క్యాన్లతో అక్కడికి వచ్చేసరికి బండి ఆయాసపడి ఆగిపోయేది. ఆమె దిగి తోసేది. ఒక ఆదివారం బండిని తెచ్చి మా గుమ్మం ముందు నిలబెట్టింది.

"తమ్మీ, నువ్వు ఇనుమును చెక్కుతవ్ గదా. దీనికి జర తాకత్ తెప్పియ్యరాదు?"

"పెద్ద బండి తీసుకోరాదా అక్కా?"

"పెద్దది నా కాళ్ళకు అందదు. కింద పడితే లేపనీకి ఎవడొస్తడు?"

నేను అప్పటికే కంచన్‌బాగ్ దగ్గర ఒక చిన్న లేత్ షాపులో పనిచేస్తున్నాను. ఆ బండి సొంత భాగాలను చెక్కకుండా విప్పి దాచి, పాత సామాన్ల బజారు నుంచి అలాంటి ఇంజన్‌దే ఒక సిలిండర్, దాని మీది హెడ్డు తెచ్చాను. ఆ సిలిండర్ లోపలి గుండ్రాన్ని లేత్ మీద కొంచెం పెద్దది చేసి, దానికి సరిపోయే పెద్ద పిస్టన్ వేశాను. హెడ్డు అడుగున సన్నగా చెక్కాను, లోపల పెట్రోలు మరింత గట్టిగా నలిగి మండాలని. గాలి వెళ్ళే దారిని వాళ్ళ వాకిట్లో కూర్చుని ఆకురాయితో నున్నగా చేశాను. విప్పిన భాగాలన్నిటినీ బాలమణి అక్క కిరోసిన్‌లో పాలగిన్నెలు తోమినట్టే తోమింది.

"గాలి దారి పెద్దగ జేస్తే ఏమైతది?"

"ఎక్కువ పీలుస్తదక్కా. ఎక్కువ మండుతది, ఎక్కువ గుంజుతది."

"ఎక్కువ తింటది గూడ అను," అని నవ్వింది. అప్పుడామె అలసట కొంచెం సేపు ముఖం మీంచి దిగినట్టనిపించింది.

మొదటిసారి కుదరలేదు. పిస్టన్ వేడికి ఉబ్బి, అదే ఎక్కుడులో సిలిండర్‌ను పట్టేసింది. బార్కస్ ముసలాయన ఒకరు నీళ్ళు తెచ్చిచ్చి, "బైఠో బేటీ, ఇంజన్ కో ఠండా హోనే దో," అని ఇంజన్ చల్లబడేదాకా తన దుకాణం మెట్ల మీద కూర్చోబెట్టాడట. వచ్చి చెప్పింది గానీ, నన్ను ఒక్క మాట అనలేదు. పిస్టన్‌కు ఇంకాస్త సందు ఇచ్చాను, పెట్రోలు కొంచెం ఎక్కువ పడేలా కార్బొరేటర్ సరిచేశాను. ఆ తర్వాత బండి ఆ ఎక్కుడును ఒక్క ఊపులో ఎక్కింది. ఆ పొద్దు ఆమె మా ఇంటికి జున్ను పంపింది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. బండి లాగుతోందని తెలిసి మల్లేశన్న ఇంకో క్యాను కట్టించాడు. తర్వాత కొత్త హోటళ్ళకు ఒప్పుకున్నాడు. వాటికి పాలు చాలక మరో బర్రెను తెచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. బండి మోస్తున్నది చూశాడు, నడిపే మనిషిని చూడలేదు, అంతే. నేనూ ఇంజన్ చప్పుడే విని మురిసిపోయేవాణ్ణి.

వర్షాలు మొదలైన రోజుల్లో ఆమె మళ్ళీ వచ్చింది. గడప మీద కూర్చుని, వేళ్ళు ఒక్కొక్కటే నొక్కుకుంది.

"తమ్మీ, పాత సామాన్ పారెయ్యలే గదా? మళ్ల గదే ఎక్కియ్యి."

"ఏమైందక్కా? మంచిగనే గుంజుతుంది గదా?"

"మంచిగనే గుంజుతుంది. గదే లొల్లి."

ఎందుకో అర్థమైంది. పాత సిలిండర్, పాత హెడ్డు బిగించాను. మరునాడే మల్లేశన్న గోడ దగ్గరికి వచ్చాడు.

"ఏం జేసినవ్ తమ్మీ? బండి మళ్ల మూలుగుతుంది!"

నేను నోరు తెరిచేలోపే బాలమణి అక్క క్యాను కడుగుతున్నది ఆపి వచ్చింది.

"తమ్మునేం అడుగుతవ్? నేనే తీపిచ్చిన."

"పాగల్ అయినవా? వచ్చిన తాకత్‌ను ఎవరన్న తీపిచ్చుకుంటరా?"

"తాకత్ బండికొచ్చింది. నాకు రాలే." ఆమె తడి చేతులు చాపింది. "వేళ్ళు ముడుద్దమంటే ముడుచుకుంటలేవు. పొద్దుగాల పిండనీకి కూసుంటే కట్టెలైతున్నయ్. బండి ఆగితే నువ్వు ఉరికొచ్చి జూస్తవ్. నేను ఆగితే ఎవలు జూస్తరు?"

మల్లేశన్న ఆ చేతులనే చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత లోపలికి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు కొత్త హోటళ్ళకు తనే పోయి, ఇక పాలు రావని చెప్పి వచ్చాడు, కొత్త బర్రెను అమ్మేశాడు. సణగడం మానలేదు. కానీ ఒక మధ్యాహ్నం నేను ఇంటికొచ్చి, గోడ మీంచి "అక్కా" అని పిలవబోతే, కొట్టం నీడన మంచం మీద ఆమె నిద్రపోతోంది. పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్న మల్లేశన్న విసనకర్ర ఆపకుండానే, పెదవుల మీద వేలు పెట్టి నన్ను ఊరుకోమన్నాడు. అంతకుముందు ఆమె పగలు పడుకోగా నేనెన్నడూ చూడలేదు.

పోయిన ఏడు జ్వరం వచ్చి ఆమె పోయింది. కొట్టం ఖాళీ అయింది. మల్లేశన్న కనబడితే వాతావరణం గురించి మాట్లాడుకుంటాం.

షాపులో ఇప్పుడు నలుగురి మీద నేను మేస్త్రీని. ఈమధ్య కొత్త కటింగ్ టూలు వచ్చింది. పని తొందరగా తెములుతోంది. మిగిలిన సమయంలో నేను ఇంకో పని అందించను. మావాళ్ళు చాయ్ తాగుతారు. పెద్దవాడైన ఇర్ఫాన్ భాయ్ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంటాడు. యజమాని సేఠ్ వచ్చి, "మెషీన్ క్యోం బంద్ హై? ఎందుకు ఆపిన్రు?" అని అడిగితే, "గరం అయింది సేఠ్, చల్లబడనీ," అంటాను. సేఠ్ మెషీన్ మీద చెయ్యి పెట్టి చూడడు. పెడితే అది చల్లగానే ఉంటుంది.