బెల్లంపల్లిలో 'మూసేసిన' మెస్‌లో చేపల పులుసు

వానాకాలంలో కెరమెరి ఘాట్ రోడ్డు మీద ఒక్కసారైనా బండి నడపాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. ఈ ఆగస్టులో కుదిరింది. కరీంనగర్ నుంచి పెద్దపల్లి, మంచిర్యాల, బెల్లంపల్లి, ఆసిఫాబాద్ మీదుగా ఉట్నూర్ చేరి, రాత్రి అక్కడ ఆగి, మరునాడు అదే దారిలో తిరిగి రావాలనుకున్నాను. బెల్లంపల్లిలో పెరిగిన నా మిత్రుడు శ్రీనివాస్, రాజవ్వ మెస్‌లో చేపల పులుసు తినకుండా రావద్దన్నాడు. ఫోన్‌లో మ్యాప్ చూస్తే ఎర్రక్షరాల్లో 'శాశ్వతంగా మూసివేయబడింది' అని ఉంది.

తొమ్మిదింటికి బయలుదేరి, పెద్దపల్లిలో చాయ్ తాగి, గోదావరి వంతెన మీద కాసేపు ఆగి, బెల్లంపల్లి చేరేసరికి పన్నెండు దాటింది. బండికి గాలి పట్టించుకుంటూ, భోజనం ఎక్కడ బాగుంటుందని పంచర్ దుకాణం ఆయన్ను అడిగాను. ఆయన తలెత్తకుండానే "రాజవ్వ మెస్సుకు పోండ్రి" అన్నాడు.

"అది మూసిండ్రట గదా?"

"ఎవలన్నరు? పొద్దుగాలనే నా ముంగటికెల్లే చేపలు పట్టుకపోయింది."

ఆయన చూపిన సందులో రేకుల షెడ్డు కింద నాలుగు బల్లలున్నాయి. తినేవాళ్లు ఒక్కరూ లేరు. పొయ్యి దగ్గర రాజవ్వ, గల్లా దగ్గర ఆమె భర్త మల్లయ్య. ఆయన గనిలో పనిచేసి రిటైరయ్యాడు. అన్నం, చేపల పులుసు నూట ఇరవై రూపాయలు. నేను తింటుంటే రాజవ్వ పక్కనే నిలబడి నా మొహమే చూస్తోంది.

"మంచిగున్నదా తమ్మీ? జర నిజం చెప్పు."

"మసాలా జరంత ఎక్కువైందక్కా."

ఆమె భర్త వైపు తిరిగింది. "నేను చెప్తలేనా? నా చేతిల రుచి పోయింది."

గని మూతపడ్డాక, గేటు ఎదుట ఉన్న మెస్‌ను నిరుడు ఇక్కడికి మార్చారట. గని కార్మికులు తగ్గుతారని తెలుసు. కానీ ఆసిఫాబాద్ వైపు వెళ్లే ప్రయాణికులు కూడా రావడం మానేశారు. తన వంటే చెడిందనుకుని ఆమె నూనె మార్చింది, కారం పెంచింది, మసాలా దట్టించింది. చివరికి ఈ దసరాకు మూసేద్దామని ఇద్దరూ అనుకున్నారు.

నేను ఫోన్ చూపించాను. మల్లయ్య కూడబలుక్కుని పైకి చదివాడు. రాజవ్వ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"దినాం పొయ్యి ముట్టిస్తనే ఉన్న. మూసినమని ఎవలు రాసిండ్రు?"

పాత చోటు ఖాళీగా ఉండడం చూసి ఎవరో అలా పెట్టి ఉంటారన్నాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అంటే నా వంట చెడలేదా?"

"లేదక్కా. మీరు గీడున్నట్టు ఎవలకు తెల్వలే, అంతే."

మల్లయ్య ఫోన్‌లోనే పని మొదలుపెట్టాం. కొత్త చోటు, ఆయన నంబరు, తెరిచి ఉండే వేళలు, ధరలు ఎక్కించాం. తన ఫొటో వద్దని రాజవ్వ లోపలికి పోబోయింది. "వండేటామె కనవడకుంటే ఎట్లనే? నిలవడు" అని మల్లయ్య ఆపాడు. మార్పులను సరిచూశాక చూపిస్తామని మ్యాప్‌లో వచ్చింది.

రెండున్నరకు బయలుదేరాను. కెరమెరి ఘాట్‌లో ప్రతి మలుపు దగ్గరా మబ్బు రోడ్డు మీదికి దిగింది. ముప్పై దాటకుండా నడిపాను. ఉట్నూర్ లాడ్జిలో గది ఎనిమిది వందలు. పొద్దున్నే లేచి చూస్తే మ్యాప్‌లో ఆ ఎర్రక్షరాలు పోయి, రాజవ్వ బిగుసుకుని నిలబడ్డ ఫొటో కనిపించింది.

తిరుగు ప్రయాణంలో మెస్ ముందు మహారాష్ట్ర నంబరు కారు ఆగి ఉంది. లోపల ఒక కుటుంబం తింటోంది. మల్లయ్య వచ్చీరాని మరాఠీలో ఇంకాస్త అన్నం పెట్టించుకొమ్మని బతిమాలుతున్నాడు. నన్ను చూడగానే రాజవ్వ ఎదురొచ్చింది.

"ఫోన్ల చూసి వచ్చిండ్రట తమ్మీ! గీ దినం మునుపటి లెక్కనే చేసిన. ముక్కలైతే అయిపోయినయ్, పులుసే ఉన్నది."

ఆ పులుసుతోనే కడుపునిండా తిన్నాను.

ఒక్క కారుతో మెస్ నిలబడిపోదని నాకూ తెలుసు. కానీ ఆన్‌లైన్‌లో ఉండడమంటే పెద్ద కంపెనీల ప్రకటనల వ్యవహారమని ఇన్నాళ్లూ అనుకున్నాను. చిన్న దుకాణానికి గిరాకీ తగ్గితే, దాన్ని నడిపేవాళ్లు మొదట తమ పనితనాన్నే అనుమానిస్తారు. మేమిక్కడే ఉన్నామని నాలుగు వివరాలు సరిగ్గా కనిపిస్తే చాలు, ఆ అనుమానం తీరే అవకాశమైనా దొరుకుతుంది.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక సలహా: మ్యాప్‌లో 'మూసివేయబడింది' అని కనిపించినా ఊళ్లో ఒకరిని అడగండి. తెరిచే ఉంటే, బల్ల దగ్గర నుంచి లేచేలోపే ఆ తప్పు సరిచేయండి.