వరండాలో పాల్మా పట్నం

నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. నేను దీన్ని చర్చిలో ఫాదరు ముందు మోకరించి, పాపసంకీర్తనంలో కూడా చెప్పాను. అబద్ధమైతే అక్కడ చెబుతానా?

అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. కార్వేటినగరానికి రెండు మైళ్ళ ఇవతల ఒక చిన్న మిషన్ ఆసుపత్రి ఉండేది. నేను అక్కడ ఆయాను. నా పేరు లూర్దమ్మ. మాది వడమాలపేట. పెళ్ళయిన మూడో ఏడు మా ఆయన విషజ్వరంతో పోయాడు. నాయన అంతకు ముందే లేడు. ఒక రేకు పెట్టె పట్టుకుని ఆసుపత్రికి వచ్చాను. పగలంతా పని. రాత్రయితే… మాట్లాడటానికి మనిషి లేదు.

సిస్టర్ కాటలీనా అక్కడే ఉండేది. రోగుల నోట కాటమ్మ. ఆమెది స్పెయిన్ దేశపు దీవి. ఆ దీవిలో పాల్మా అని ఒక రేవు పట్నం. ముప్ఫై ఏళ్ళు మా ఆసుపత్రిలోనే నర్సుగా చేసి, చివరికి రెండు కళ్ళూ పోగొట్టుకుంది. తెలుగు మా వార్డులో ఆడవాళ్ళ దగ్గర నేర్చుకుంది కాబట్టి అచ్చం మనలాగే మాట్లాడేది. ఇంటికి పోవాలని ఆమెకు ఒకటే తపన. ఓడలు లేవు. ఉత్తరాలు కూడా రావు.

ఒక రాత్రి ఆమె నిద్ర పట్టక మంచం మీద కూర్చుని ఉంటే, ఊరికే అడిగాను.

"మీ ఊర్లో సూడాల్సినవి ఏముండాయి సిస్టర్?"

ఆమె ముఖం ఒక్కసారిగా వెలిగింది.

"సెయ్యి పట్టుకో. సూపిస్తా," అంది. చేతికర్ర తీసుకుని నన్ను వరండాలోకి నడిపించింది.

మా వరండా చాలా పొడవు. కడప బండలు పరిచిన నేల. పన్నెండు స్తంభాలు. మొదటి స్తంభమే రేవు మెట్లు అని చెప్పింది. అక్కడ ఆగాలి. ఆడవాళ్ళు కింద కూర్చుని చిరిగిన వలలు కుడుతుంటారు, చూడాలి. మూడో స్తంభం చేపల అంగడి. "ముక్కు మూసుకోవద్దు, వాళ్ళకు కోపమొస్తాది," అంది. అయిదో స్తంభం రొట్టెల అంగడి. తలపాగా చుట్టినట్టు చుట్టిన రొట్టె, పైన చక్కెర పొడి. దాన్ని చిక్కటి కోకోలో ముంచుకుని నిలబడే తినాలి. ఎనిమిదో స్తంభం సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద చర్చి. దాని గోడకు ఒక ఇల్లంత గుండ్రటి రంగుల అద్దం. పొద్దున పూట పోతే ఆ రంగులన్నీ నేల మీద పడి ఉంటాయట.

"తొక్కకుండా నడువు," అంది.

నేను తొక్కకుండానే నడిచాను.

ఆ తర్వాత ప్రతి రాత్రీ అదే. స్తంభం దగ్గర ఆగి నేను అడగాలి, "ఇప్పుడు యాడుండాం సిస్టర్?" అని. ఆమె చెప్పాలి. ఊరి అవతల గుట్ట మీద గుండ్రటి కోట ఒకటుందట. అక్కడి నుంచి రేవంతా కనిపిస్తుందట. కానీ కోటకు వరండా చాలదు. చివర మూడు మెట్లు దిగాలి. ఆమె మోకాళ్ళు ఒప్పుకోవు. "కోట రేపు," అనేది. ఏడాది గడిచింది. నాకు మా ఊరి కంటే ఆ ఊరే బాగా తెలిసిపోయింది.

ముసురు పట్టిన రోజుల్లో సిస్టరుకు నెమ్ము చేసింది. ఒళ్ళు కాలిపోతోంది. మంచం దిగనివ్వొద్దని డాక్టరమ్మ చెప్పి పోయింది. ఆ రాత్రి నేనొక్కదాన్నే పక్కన కూర్చున్నాను. కిరసనాయిలు దొరకని కాలం. లాంతరు వత్తి బాగా తగ్గించాను. వాన ఆగింది. చూరు నుంచి నీళ్ళు… చుక్క… చుక్క…

అప్పుడు వినపడింది.

టక్…

తలుపు బయట, దూరంగా. వరండా మొదట్లో.

టక్… టక్…

సిస్టర్ చేతికర్ర అడుగున ఇనుప పొన్ను ఉండేది. బండ మీద అది చేసే చప్పుడు నాకు కొత్త కాదు. తల తిప్పి చూశాను. కర్ర మంచం పక్కనే గోడకు ఆనించి ఉంది.

ఎవరో రోగి లేచిందనుకున్నాను. కానీ ఆ చప్పుడు ఆగింది. కాసేపు ఆగి మళ్ళీ నడిచింది. ఆగిన చోట్లు నాకు తెలుసు. మూడో స్తంభం… అయిదో స్తంభం. అక్కడ చాలాసేపు.

కర్ర వెంట రెండు జతల అడుగులు. ఒక జత బరువుగా, ఈడుస్తూ. ఇంకో జత తేలిగ్గా… వట్టి కాళ్ళు.

తర్వాత గొంతు.

"ఇప్పుడు యాడుండాం సిస్టర్?"

అది నా గొంతు.

ఎవరి గొంతు వాళ్ళకు తెలియదంటారు. నాకు తెలిసింది. నా నోరు మూసే ఉంది. చేత్తో తడిమి చూసుకున్నాను. పెదవులు కదలడం లేదు.

జవాబుగా ఏదో గొణుగుడు. మాటలు అందలేదు. ఆ వెంటనే నా గొంతున్న ఆ మనిషి… నవ్వింది. గట్టిగా కాదు. సంతోషం దాచుకోలేక నవ్వినట్టు. మా ఆయన పోయాక నేను అట్లా నవ్వి ఎరగను.

ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. చూస్తే సిస్టర్. మేలుకునే ఉంది. చూపు లేని కళ్ళు తలుపు వైపు తిరిగి ఉన్నాయి.

"లూర్దూ… నువ్వు ఈడనే ఉండావు కదా?"

"ఈడనే ఉండాను సిస్టర్."

"మంచం మింద ఉండేది నేనే కదా? తాకి సూడు."

నుదురు తాకాను. కాలుతోంది.

"మీరే సిస్టర్."

"మరి ఆ పొయ్యేది ఎవరు?"

నేను లేవబోయాను. ఆమె చెయ్యి వదల్లేదు. చప్పుడు మా తలుపు ముందుకు వచ్చింది. దాటింది. పన్నెండో స్తంభం దగ్గర నిలిచింది. ఇక తిరిగి రావాలి. ఎప్పుడూ అక్కడి నుంచే తిరిగేవాళ్ళం.

తిరగలేదు.

టక్… ఒక మెట్టు.

టక్… రెండు.

మూడో మెట్టు తర్వాత ఏమీ లేదు. తడి మట్టి కదా. చాలాసేపటికి దూరంగా గేటు కిర్రుమంది.

సిస్టర్ తన భాషలో జపం మొదలుపెట్టింది. నేను తెల్లవార్లూ చెవులు రిక్కించి కూర్చున్నాను. ఆ చప్పుడు మళ్ళీ రాలేదు.

వెలుగు వచ్చాక తలుపు తీశాను. బండల మీద ఒక్క అడుగు గుర్తు లేదు. మెట్ల కింద బురద చెక్కు చెదరలేదు. గేటు మాత్రం బార్లా తెరిచి ఉంది. పక్కనే కాపలా ముసలాయన మునెయ్య, గోనెపట్ట కప్పుకుని కూర్చున్నాడు.

"ఏమ్మా, మళ్ళా ఎప్పుడొచ్చినారు లోపలికి?" అన్నాడు. "మీరొస్తారని నేను గేటు గూడా ఏసుకోలేదే."

"ఎవరం మునెయ్యా?"

"నువ్వూ, కాటమ్మ సిస్టరూ. రాత్రి గేటు తట్టింది నువ్వే గదా. జబ్బు మనిషిని యాడికి తీసకపోతాండావమ్మా అంటే… పలకవు. నవ్వుకుంటా పోతివి."

"మేము రాలేదు మునెయ్యా," అన్నాను.

గేటు దగ్గరికి రాలేదని నా ఉద్దేశం. బయటికి పోయినవాళ్ళం తిరిగి లోపలికి రాలేదని అతను విన్నాడు. నన్ను పై నుంచి కింది దాకా చూశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ తర్వాత ఆ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నాతో ఒంటరిగా మాట్లాడలేదు.

సిస్టర్ రెండు వారాల్లో కోలుకుంది. నడుద్దామని అడుగుతుందేమోనని ఎదురుచూశాను. అడగలేదు. ఒక రాత్రి నేనే ధైర్యం చేశాను.

"పోదామా సిస్టర్, రేవు కాడికి?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"కనపడటం లేదు లూర్దూ. రేవు మెట్లు తలుచుకుంటాను… ఏమీ లేదు. చర్చి తలుచుకుంటాను… ఏమీ లేదు. పేరుండాది. ఊరు లేదు."

నాకు దుఃఖం ఆగలేదు. మంచం పక్కన కూర్చుని నేనే చెప్పాను. వలలు కుట్టే ఆడవాళ్ళు, చక్కెర చల్లిన రొట్టె, నేల మీద పడే రంగులు… అన్నీ. ఆమె ఎవరిదో ఊరు విన్నట్టు విన్నది. అంతా అయ్యాక,

"బాగుండాదే ఆ ఊరు," అంది.

యుద్ధం అయిపోయింది. ఓడలు మళ్ళీ నడిచాయి. పంపిస్తాం, పోతావా అని సిస్టర్లకు పెద్ద అయిన మదర్ అడిగితే వద్దంది. మరుసటి ఎండాకాలంలో కన్నుమూసింది. చర్చి వెనక పూడ్చాం.

ఆ రాత్రి సంగతి డాక్టరమ్మతో ఒకసారి అన్నాను. సిస్టరుకు జ్వరం, నీకు నిద్రలేమి, మునెయ్య సంగతి చెప్పేదేముంది, కూర్చునే కలలు కంటాడు అంది. కావచ్చు. ముగ్గురం మూడు రకాలుగా భ్రమపడి ఉండొచ్చు. కాదని నేను చెప్పలేను.

కానీ ఒక్కటి. సిస్టర్ దగ్గర నుంచి ఏం పోయిందో నాకు తెలుసు. ఆ రాత్రి మెట్లు దిగింది ఆమె ఒక్కతే కాదు కదా… నా దగ్గర నుంచి ఏం పోయిందో మాత్రం, ఇన్నేళ్ళయినా నాకు తెలియలేదు.