సిద్రా ఊరి చరిత్ర తెలిసిన ఇస్తారి

మస్కట్‌కు పడమరనున్న రుస్తాక్ పట్నం నుంచి కొండదారిలో గంటన్నర పోతే సిద్రా వస్తుంది. పంతొమ్మిది గడపల ఊరు. వాగుకు పడమటి ఒడ్డున, పెద్ద బండ మీద ఇళ్లు. బండ కింద మెట్లు మెట్లుగా మడులు. వాటిలో ఖర్జూరం, దానిమ్మ, నిమ్మ, చలికాలమైతే వెల్లుల్లి. కొండలోంచి ఊరే నీళ్లను ఫలజ్ అనే రాతికాలువ ఈ మడులకు పంచుతుంది.

ఆ కాలువను చూసుకునేది ఇస్తారి. జగిత్యాల జిల్లావాడు, యాభైకి దగ్గరపడ్డాడు. మొదట మస్కట్ దగ్గరి మబేలాలో సెంట్రింగ్ పని చేసేవాడు. కంపెనీ మూతపడ్డాక హమద్ అనే సిద్రా రైతు అతణ్ణి తన మడుల పనికి తెచ్చుకున్నాడు. అది పద్దెనిమిదేళ్ల కిందటి మాట.

హమద్ మాటకారి. కాలువలో పూడిక తీసేటప్పుడు ఆయన గట్టున కూర్చుని చెబుతూ ఉండేవాడు, ఇస్తారి పార వేస్తూ వింటూ ఉండేవాడు. ఇస్తారి అరబీ నేర్చుకున్నది అలాగే. భాషతోపాటు ఊరి సంగతులన్నీ అతని బుర్రలోకి ఎక్కాయి. హమద్ కొడుకులిద్దరికీ మస్కట్‌లో ఉద్యోగాలు. వాళ్లకు వచ్చినప్పుడల్లా తొందరే, వినే తీరిక ఉండేది కాదు.

మూడేళ్ల కిందట హమద్‌కు పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది. కుడిచెయ్యి లేవదు. మనుషుల్ని గుర్తుపడతాడు, మాటలు మాత్రం రావు.

కిందటి జనవరిలో ఆయన మనవరాలు అస్రా సెలవులకు వచ్చింది. మస్కట్‌లో కాలేజీ చదువుతోంది. ఎవరి ఊరి చరిత్ర, భూగోళం వాళ్లే రాసుకు రావాలని పంతులమ్మ చెప్పిందట. అస్రా తాత మంచం పక్కన నోటుబుక్కు పట్టుకుని కాసేపు కూర్చుంది. తర్వాత లేచి మడుల్లోకి వచ్చింది.

"బాబాయ్, తాత నీతో ఏమేం చెప్పేవాడు?"

"అన్నీ చెప్పెటోడు బిడ్డా. ఏడికెల్లి మొదలుపెట్టాలె?"

"మొదటి నుంచి."

ఇస్తారి పార పక్కన పెట్టి, ఆమెను వాగు దాటించి తూర్పు ఒడ్డుకు తీసుకెళ్లాడు. అక్కడ రేగుచెట్ల నడుమ మోకాలెత్తు రాతిగోడలు ఉన్నాయి. అవి పాత మేకల దొడ్లని అస్రా చిన్నప్పటి నుంచీ అనుకుంటోంది.

"దొడ్లు కావు, ఇండ్లు. మీ ఊరు మొదలు ఈడనే ఉండెనట. వాగు పొంగి రాత్రికి రాత్రి కొట్టుకపోయింది. మిగిలినోళ్లు బండ మీదికి ఎక్కిండ్రు. అందుకే ఇప్పటికీ ఇండ్లన్నీ బండ మీదనే, మడులే కింద."

అస్రా గోడలు అడుగులతో కొలిచి బొమ్మ గీసుకుంది. అలా మూడు రోజులు తిరిగారు. ఇస్తారి ప్రతి మడినీ పేరుపెట్టి చూపించాడు. పై మూడు మడుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాట ఆపేశాడు.

"ఇవి కూడా ముత్తాతలు కట్టినవేనా?" అని అడిగింది అస్రా.

"కాదు. ఎవలు కట్టిండ్రో రేపు చెప్తా."

ఆ సాయంత్రం భార్య శాంతవ్వకు ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

ఆమె నవ్వింది. "మన ఊరు ఎప్పుడు పుట్టిందో ఎరుకలేదు గని, అరబోళ్ల ఊరి ముచ్చట వాళ్లకే చెప్తున్నవా?"

"గది కాదే. ముసలాయన ఇంట్ల కూడా చెప్పుకోని ముచ్చట ఒకటుంది. నేను చెప్పొచ్చునా?"

"ఆయననే అడుగు. నోరు పోయింది గని తలకాయ ఉన్నది కదా."

మర్నాడు పొద్దున్నే ఇస్తారి హమద్ మంచం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. యజమానిని ఎప్పుడూ పిలిచే మాటతోనే, "అర్బాబ్, బహ్రెయిన్ సంగతి పిల్లకు చెప్పనా?" అన్నాడు. ముసలాయన ఎడమచేత్తో ఇస్తారి భుజం తట్టాడు.

అప్పుడు అస్రాను పిలిచి, తాత ముందరే చెప్పాడు. హమద్ పడుచువాడుగా ఉన్నప్పుడు దేశంలో పనుల్లేవు, సిద్రాకు దారే లేదు. పడవెక్కి బహ్రెయిన్ పోయి రేవులో మూటలు మోశాడు. పదిమంది ఒక గదిలో పడుకున్నారు. తిరిగొచ్చి, ఆ సంపాదనతో గాడిదల మీద మట్టి తోలించి పై మూడు మడులు కట్టాడు. కూలిపని చేశానని చెప్పుకోవడానికి నామోషీపడి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. "నాకు అరబీ సమజైనంక మొట్టమొదలు ఈ ముచ్చటనే చెప్పిండు. నేను సుత నీ లెక్కనే కూలీకి పోయినోణ్ణే అన్నడు. అంతే, ఆనాటి నుంచి ఆయన నాకు పరాయోడు కాదు."

"మా నాన్నకు కూడా తెలియదు" అంది అస్రా మెల్లగా. తర్వాత తాత చెయ్యి తీసుకుని చెంపకు ఆనించుకుంది.

వారం తిరిగేసరికి రాత పూర్తయింది. ఆమె తాతకు మొత్తం చదివి వినిపించింది. "బహ్రెయిన్‌లో నాలుగేళ్లు" అన్నచోట హమద్ ఎడమచెయ్యి లేపి అడ్డంగా ఊపాడు. ఐదువేళ్లు చూపించి, మూసి, మళ్లీ ఒక వేలు చూపించాడు.

"ఆరేండ్లా? నేనే తప్పు చెప్పిన్నా?" ఇస్తారి నాలుక కరుచుకున్నాడు. ముసలాయన భుజాలు కదిలేలా నవ్వాడు. అస్రా కొట్టేసి ఆరు అని రాసింది.

ఆమె గీసిన పటాన్ని ఊరివాళ్లు సమావేశాల గదిలో గోడకు తగిలించారు. ఫిబ్రవరిలో ఒక శుక్రవారం హమద్ కొడుకులిద్దరూ మస్కట్ నుంచి వచ్చారు. పటం చూశారు, అస్రా రాసింది చదివారు. తండ్రి మంచానికి చెరోపక్కన కూర్చుని, "బాబా, బహ్రెయిన్‌లో ఏం జరిగింది?" అని అడిగారు. హమద్ వాళ్ల వంక చూసి, తర్వాత గుమ్మంలో పారతో నిలబడ్డ ఇస్తారి వంక చూశాడు. పెద్దకొడుకు లేచి అతనికి చోటిచ్చి, కాఫీ పోసి చేతికి ఇచ్చాడు.

ఇస్తారి పడవ దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. చెప్పేసరికి మధ్యాహ్నమైంది. ఆ రోజు వెల్లుల్లి మడులకు అతని బదులు పక్కింటివాళ్లు నీళ్లు మళ్లించారు.