వగీదా నెత్తి మీది డాబా

ఆ భవనంలో ప్రతి ఇంటికీ డాబా మీద ఏదో ఒకటి ఉంది. రెండో అంతస్తు హాజీ మెత్వల్లీకి టీవీ గొడుగు, నీళ్ళ ట్యాంకు, బక్రీదు గొర్రెను కట్టేసుకోవడానికి ఏటా దిగ్గొట్టే ఇనుప మేకు. మూడో అంతస్తు ఇష్రాక్ టీచరుకు బట్టలారేసే తీగలు. నాలుగో అంతస్తు సెలూన్ లబీబ్‌కు పావురాల గూడు. సరిగ్గా డాబా కింద, ఐదో అంతస్తులో ఉంటున్న వగీదాకు మాత్రం పైన తాడు ముక్క కూడా లేదు. ఆమె వాటాకు వచ్చినదల్లా అక్కణ్ణుంచి కారే నీళ్ళు.

ఇల్లు కురుస్తోందని ఆమె చెప్పినప్పుడల్లా, భవన సంఘానికి పెద్ద అయిన హాజీ మెత్వల్లీది ఒకటే మాట.

"నీ నెత్తి మీది కప్పు నీదే కదా వగీదమ్మా! మా కప్పులు మేం చూసుకోవట్లేదా?"

వాళ్ళ కప్పులంటే పైవాళ్ళ గచ్చులు. వాటికి వాన తెలియదు, ఎండ తెలియదు. ఆ మాట వగీదా నోటి దాకా వచ్చి ఆగిపోయేది. ఇంటికొచ్చి, చుక్క ఎటు పడుతుందో చూసి, తపేలా అటు జరుపుకునేది. అలా ఎన్నో శీతాకాలాలు జరుపుకుంటూనే గడిపింది.

నోరు లేని మనిషేం కాదు. ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా చేసి, ఎందరినో గదమాయించి పురుళ్ళు పోయించింది. రిటైరయ్యాక భవనం మొత్తానికి ఇంజెక్షన్లు ఆమే. చెయ్యి తేలిక అని పక్క వీధి వాళ్ళు కూడా మెట్లెక్కి వచ్చేవాళ్ళు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. సూది నడుముకు కాబట్టి వచ్చినవాళ్ళందరూ ఆమె బల్ల మీద బోర్లా పడుకునేవాళ్ళు. బోర్లా పడుకున్నవాళ్ళకు పైకప్పు కనపడదు. లేచాక పైకి చూసే అవసరం ఎవరికీ కలగలేదు.

వాళ్ళుండే ఈజిప్టు రేవు పట్నం అలెగ్జాండ్రియాలో శీతాకాలపు గాలివానలకు పేర్లుంటాయి. నవంబరులో వచ్చేదాన్ని జాలర్లు చీపురు అంటారు. సముద్రాన్నీ వీధుల్నీ ఊడ్చేసి పోతుంది. ఆ ఏడు చీపురు దిగిన సాయంత్రమే హాజీకి నడుము పట్టేసింది. మూలుగుతూ ఐదో అంతస్తు దాకా ఎక్కి బల్ల మీద బోర్లా పడ్డాడు. వగీదా అటు తిరిగి సిరంజిలోకి మందు లాగుతోంది.

"అబ్బా! స్పిరిటు పూసేటప్పుడు చెప్పొచ్చుగా! ఐసులా ఉంది."

"నేనింకా పూయలేదు హాజీ గారూ. అది మీ ట్యాంకు పక్కన నిలిచిన నీళ్ళు."

సూది అయింది. హాజీ పైజామా సర్దుకుంటూ రెండడుగులు వేశాడో లేదో, పళ్ళెమంత పెచ్చు పైనుంచి ఊడి, అతను తల ఆనించిన దిండు మీద పడింది. దుమ్ము తగ్గాక చూస్తే కప్పులోని చువ్వలు ఎర్రగా తుప్పు పట్టి బయటికి వేలాడుతున్నాయి. హాజీ దిండు వంక చూశాడు. నడుము నొప్పి ఏమైందో గాని, మెట్లు మాత్రం పరుగున దిగాడు.

మర్నాడు డాబా పనులు చేసే జగ్లూల్ మేస్త్రీ వచ్చి, కప్పును వేలి కణుపుతో కొట్టి విన్నాడు.

"పైన నీళ్ళు ఆపకుండా కింద ఎంత సిమెంటు మెత్తినా దండగే. వచ్చే చీపురు నాటికి డాబాలోకి నీళ్ళు దిగకుండా మూయకపోతే, అమ్మా, నువ్వీ ఇంట్లో ఉండకూడదు. అంతే."

ఉండకూడదంటే ఎక్కడికి పోవాలి? పక్క ఊరు కఫర్ అద్దవార్‌లో చెల్లెలుంది. మరిదిగారి ఇంట్లో, వాళ్ళ వరండాలో, చివరి రోజులా? వగీదాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వానల్లో హాజీ, "ఇప్పుడెలా చేస్తాం, ఎండలు రానీ" అన్నాడు. ఎండలొచ్చాక, "ఇప్పుడు వాన లేదుగా, తొందరేముంది" అన్నాడు. మిగతావాళ్ళు ఆ మాట చాటున ఊరుకున్నారు. అందరూ మంచివాళ్ళే. జబ్బు చేస్తే సూప్ పంపేవాళ్ళే. కానీ ఇంజెక్షను కోసం ఐదో అంతస్తు దాకా ఎక్కగలిగినవాళ్ళకు, ఇంకొక్క వరస మెట్లెక్కి ఆ డాబాను చూసే ఓపిక లేకపోయింది.

వేసవి మొదట్లో ఇష్రాక్ టీచరు ఇనుము ఇంజెక్షనుకు వచ్చింది. వగీదా తలుపుకు తాళం వేసి మెట్ల మీద నిలబడి ఉంది.

"బల్ల పైకి మార్చానమ్మా. కప్పు కూలే గదిలో నిన్ను పడుకోబెట్టలేను. ఇంకొక్క వరస ఎక్కు."

"డాబా మీదా? అందరూ చూడరూ పిన్నీ?"

"నీ దుప్పట్లే ఆరేసున్నాయిగా, వాటి చాటున వేస్తా."

ఆ వారమంతా సూదులు డాబా మీదే. లబీబ్ వచ్చి పావురాల గూడు పక్కన పడుకుంటే, ఒక పావురం అతని వీపు మీద వాలింది. "నా పెళ్ళాం కన్నా నయం, పలకరించడానికి వచ్చింది" అన్నాడు. లేచి కూర్చున్నాక చుట్టూ చూశాడు. గూటి స్తంభాల చుట్టూ గచ్చు పగిలి, ఆ పగుళ్ళలో గడ్డి మొలిచింది. టీవీ గొడుగు బోల్టుల దగ్గర నల్లగా చెమ్మ. పిట్టగోడ వారన వరసగా చిల్లులు.

"ఇవేంటక్కా?"

"హాజీ గారి గొర్రెలు. ఏడాదికో మేకు. పండగయ్యాక పీకేస్తారు, చిల్లు మాత్రం నాకు వదిలేస్తారు."

చివరికి హాజీ కూడా ఎక్కక తప్పలేదు, నడుము అలాంటిది మరి. దుప్పట్ల చాటున బోర్లా పడుకుంటే, కళ్ళ ముందు బెత్తెడు దూరంలో ఉన్నది తన ట్యాంకు కింది పగులే. సూది అయ్యేదాకా దాన్నే చూడాల్సి వచ్చింది. లేచాక ఆ పగులులో వేలు పెట్టి చూశాడు.

"జగ్లూల్‌ను రమ్మను. ట్యాంకు నేను తీయిస్తా. లబీబ్ గూడు కూడా జరగాలి" అన్నాడు.

అందరూ కలిసే చేయించారు. పాత గచ్చు తవ్వి ఎత్తారు. తూము వైపు నీళ్ళ వాటం సరిచేశారు. తారు పూసి, గ్యాసు మంటతో కాలుస్తూ, నీళ్ళు దిగనివ్వని తారు పట్టాలను ఒకదాని అంచు మీద ఒకటి అతికించి, పిట్టగోడల మీదికి కూడా జానెడు ఎక్కించారు. తర్వాత తూము మూసి డాబా నిండా నీళ్ళు పెట్టారు. అవి నిలిచి ఉన్నంతసేపూ వగీదా మళ్ళీ కిందికి దింపించిన తన బల్ల మీద వెల్లకిలా పడుకుని కప్పునే చూస్తూ ఉంది. చుక్క పడలేదు. నీళ్ళు వదిలేశారు. పైన బండలు పరవడం ఒక్కటే మిగిలింది. బక్రీదు దగ్గర పడటంతో కూలీలు ఊళ్ళకు వెళ్ళారు.

పండగ ముందు రోజు మధ్యాహ్నం వగీదా నెత్తి మీద దబ్, దబ్ మని చప్పుడు. చెప్పులు కూడా వేసుకోకుండా పైకి పరిగెత్తింది. హాజీ సుత్తి పట్టుకుని ఉన్నాడు. పక్కన గొర్రె. కొత్త తారు పట్టాలో సగం దిగిన మేకు.

"ఏం చేస్తున్నారు!"

"అరవకు వగీదమ్మా. పండగ జీవాన్ని ఎక్కడ కట్టమంటావ్? ప్రతి ఏడూ ఇక్కడేగా!"

"ప్రతి ఏడూ ఇక్కడే కాబట్టే ప్రతి ఏడూ నా ఇల్లు కురిసింది!"

"చిన్న మేకు. దానికింత గొడవా?"

"నా సూది అంతకన్నా చిన్నది హాజీ గారూ. అది దిగితే మీరు పెట్టే కేక వీధి చివరిదాకా వినపడుతుంది."

కేకలు విని వచ్చిన లబీబ్ డాబా గుమ్మంలోనే కూలబడి నవ్వాడు. హాజీ నవ్వలేదు. సుత్తి కింద పెట్టి, చెవులు ఎర్రబడగా, "డాబా అందరిదీ కదా..." అని గొణిగాడు.

"అందరిదే. అయితే ఈ చిల్లు కూడా అందరిదే. పదండి, మీరే మేస్త్రీకి ఫోన్ చెయ్యండి."

వగీదా గొంతు అంత గట్టిగా ఆ భవనంలో ఎవరూ విని ఉండలేదు. హాజీ ఫోన్ చేశాడు. జగ్లూల్ తిట్టుకుంటూ వచ్చి మేకు పీకి, చిల్లు మీద పట్టా అతికించి, మళ్ళీ నీళ్ళు పెట్టాడు. గొర్రెను వగీదా గుమ్మం ముందు మెట్ల కమ్మీకి కట్టారు. అది ఆమె చెప్పుల్లో ఒకటి నమిలేసింది. పండగ నాడు జబ్బ మాంసం పళ్ళెంలో పెట్టుకుని హాజీ స్వయంగా ఎక్కి వచ్చాడు. పళ్ళెం కింద కొత్త చెప్పుల జత కూడా ఉంది.

బండలు పరిచారు, కప్పుకు కొత్త సిమెంటు వేశారు. నవంబరులో చీపురు వచ్చింది. వగీదా అలవాటు కొద్దీ తపేలా పాత చోటే పెట్టి పడుకుంది. తెల్లవారి చూస్తే తపేలా అడుగు పొడిగా ఉంది. దాన్ని కడిగి, మర్నాటి టిఫినుకు ఫూల్ అనే చిక్కుడు గింజలు నానబోసింది.

మీరూ నలుగురితో కలిసి ఒకే కప్పు కింద ఉంటున్నారా? అయితే ఈ వారం ఒక పని చెయ్యండి. మీ డాబా ఎక్కి, అక్కడ మీ పేరున ఉన్న బోల్టు, స్తంభం, మేకు ఏదుందో వెతకండి. దిగేటప్పుడు పై అంతస్తు వాళ్ళ తలుపు తట్టి, లోపలికెళ్ళి, ఒక్కసారి తలెత్తి చూడండి. వాళ్ళు అడిగేదాకా ఆగకండి. అడిగి అడిగి ఊరుకున్న మనిషి ఆ తలుపు వెనక ఉండొచ్చు.