దేవుడి గుర్రానికి పథ్యం

2006లో నాకు పెబ్బేరు పశువైద్యశాలకు బదిలీ అయింది. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్, అంటే మా శాఖలో డాక్టరు ఉద్యోగానికి తొలిమెట్టు. వారం వారం పెద్ద పశువుల సంత జరిగే ఊరు కాబట్టి ఎద్దులు, బర్రెలు, గొర్రెలతో చేతినిండా పని. గుర్రం కేసు మాత్రం అరుదు. అందుకే ఆ కార్తీకమాసంలో పక్క ఊరి నుంచి బాలమ్మ అనే ఆవిడ వచ్చి, "మా మోతీ నడుస్తలేదు సారూ, జర వచ్చి చూడుర్రి" అన్నప్పుడు వెంటనే సంచి సర్దుకుని బయలుదేరాను.

మోతీ తెల్లటి మగ గుర్రం. మాఘమాసం జాతరలో దేవుడి పల్లకి ముందు నడిచేది అదే. మిగతా రోజుల్లో పెళ్లి ఊరేగింపులకు పోయి బాలమ్మ ఇంటిని పోషించేది. దాన్ని నడిపించే ఆమె భర్త రాములు వానాకాలం మొదట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అప్పటి నుంచి మోతీకి కట్టేసిన చోటే నిలబడి తినడం తప్ప వేరే పని లేదు. ఆ తిండి కూడా మామూలు తిండి కాదు. దేవుడి గుర్రం కదా, శనివారం వచ్చిందంటే మొక్కున్న వాళ్లంతా ఉలవ గుగ్గిళ్లు, బెల్లం తెచ్చి నోటికి అందించేవాళ్లు. ఆ ఊళ్లో మొక్కు లేని ఇల్లు లేదు!

పక్కటెముకల మీద చేయి వేసి నొక్కినా ఎముక తగలలేదు. మెడ మీద కొవ్వు గట్టిపడి దిమ్మెలా ఉంది. నాలుగడుగులు వేయిస్తే ఆయాసం. గిట్టలు వేడిగా ఉన్నాయేమోనని పట్టి చూశాను, వాటి పైన నాడి ఎలా కొట్టుకుంటోందో చూశాను. అదృష్టం, రెండూ మామూలుగానే ఉన్నాయి. బలిసిన గుర్రానికి తీపి, గింజలు ఎక్కువైతే గిట్ట లోపలి పొర వాస్తుంది. లామినైటిస్ అంటాం. అది వచ్చిన గుర్రం మళ్లీ సరిగ్గా నడుస్తుందన్న నమ్మకం లేదు. మోతీ నడవకపోతే జాతరకు గద్వాల వైపు నుంచి వేరే గుర్రాన్ని తెస్తామని ఊరి పెద్ద నర్సిరెడ్డి అప్పటికే చెప్పేశాడు. పల్లకి ముందు స్థానం ఒకసారి పోతే తిరిగి రాదు. బాలమ్మ భయమంతా అదే.

పస్తు పెడితే చాలా అని అడిగింది. అది అసలే వద్దన్నాను. బలిసిన గుర్రానికి ఒక్కసారిగా మేత ఆపేస్తే ఒంట్లోని కొవ్వు నెత్తురులోకి దిగి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. బెల్లం, తవుడు బంద్. ఉలవలు మెల్లమెల్లగా తగ్గించి ఆపాలి. ఎండుగడ్డి తూకం వేసి, నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, రోజంతా కొంచెం కొంచెంగా పెట్టాలి. నానితే గడ్డిలోని తీపి కొంత నీళ్లలోకి పోతుంది. ఉప్పు, ఖనిజ లవణాలు ఇవ్వాలి. పొద్దునా సాయంత్రం మెత్తటి నేల మీద నడిపిస్తూ దూరం పెంచాలి. మొక్కుల వాళ్లు వచ్చినప్పుడు మూతికి చిక్కం కట్టమని కూడా చెప్పాను. కళ్లంలో ఎద్దులు గింజలు తినకుండా కడతారే, ఆ తాళ్ల బుట్ట.

చిక్కం మాట వినగానే ఊరు భగ్గుమంది. "దేవుని గుర్రం నోరు కడ్తరా? గిదేం డాక్టరీ?" అని నర్సిరెడ్డి నా మీదికి వచ్చాడు. నాకూ ఒళ్లు మండింది. గిట్టల వాపు గురించి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. ఒక్కరూ చెవిన పెట్టలేదు. శనివారం మళ్లీ బెల్లం ముద్దలతో వరస కట్టారు.

ఆ రోజు బాలమ్మ చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఆమె ఎవరినీ వద్దనలేదు. తెచ్చిన బెల్లం దేవుడి పటం ముందు పెట్టించింది, అక్కడున్న వాళ్లకే ప్రసాదంగా పంచింది. తర్వాత మోతీ పగ్గం వాళ్ల చేతికిచ్చింది. "తినవెట్టిన మొక్కు పొద్దుగూకేసరికి అరిగిపోతది. నడిపిచ్చిన మొక్కు జాతర దాంక ఉంటది. జర మోతీని చెల్క దాంక నడిపిచ్చుకరాండ్రి" అంది. చెల్క అంటే ఊరవతలి మెట్టచేను, అక్కడి నేల మెత్తన.

దేవుడి పేరు చెప్పాక కాదనేది ఎవరు? కొన్నాళ్లకు పగ్గం కోసం పోటీ మొదలైంది. రాములు మంచంలోంచే "పగ్గం వదులుగ పట్టుర్రి!" అని కేకలేసేవాడు. నర్సిరెడ్డి మాత్రం మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. ఆయనకూ మోకాళ్ల నొప్పుల మొక్కు ఒకటి ఉంది, చివరికి ఆయనా వచ్చి పగ్గం పట్టాడు. మొదటి రోజు గుర్రం కంటే ఆయనే ఎక్కువ రొప్పాడు. నేను వీలున్నప్పుడల్లా వెళ్లి, ఛాతీ చుట్టూ టేపు పెట్టి బరువు అంచనా కట్టి, దాన్ని బట్టి గడ్డి తూకం మార్చేవాణ్ణి. పుష్యం దాటేలోపు మోతీ పక్కటెముకలు చేతికి తగిలాయి. నాకు పట్టరాని సంతోషమేసింది.

జాతర నాడు మోతీ పల్లకి ముందు ఊరంతా నడిచింది, ఆయాసపడలేదు. ఊరేగింపు గుడికి చేరగానే నర్సిరెడ్డి పాత అలవాటు కొద్దీ జేబులోంచి బెల్లం ముద్ద తీసి మోతీ మూతి దగ్గర పెట్టబోయాడు. బాలమ్మ ఆయన చేతిని మెల్లగా వెనక్కి తిప్పింది. "మీరు గూడ నడిపిస్తిరి గద పటేలా, మీరే తినుర్రి" అంది. చుట్టూ జనం నవ్వారు. ఆయన కూడా నవ్వి, బెల్లం నోట్లో వేసుకున్నాడు.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఏ పశువుకు మేత తగ్గించాల్సి వచ్చినా, దానికి ప్రేమతో తినిపించేవాళ్లు ఎందరో ముందు అడిగి తెలుసుకున్నాను. ఆ చేతులకు ఇంకో పని చూపించాకే పథ్యం రాసిచ్చాను.