బలానికి

మొన్న గురువారం పొద్దున్న తొమ్మిదీ పదికి మా చెల్లి తుమ్మింది, నడుములో ఎముక విరిగింది. ఎండుమిరపకాయల తాలింపు ఘాటుకి వచ్చిన తుమ్ము. తుమ్మితే ఊడిపోయే ముక్కు అని సామెత విన్నాను గాని, తుమ్మితే విరిగే నడుమును చూడడం అదే మొదలు. పొయ్యిగట్టు పట్టుకుని అలాగే కూలబడింది. అరుపుకి తలెత్తితే నా కంటికి ముందు గడియారమే కనబడింది, అందుకే వేళ అంత గుర్తు.

ఆ మనిషి ఒకప్పుడు ఎలా ఉండేదో చెప్పాలి. వన్ టౌన్ సందుల్లో ఎండుచేపల గంప దించి కూర్చుందంటే అరుగు సగం నిండేది, గంపతో కాదు. ఆటో ఎక్కితే పక్కవాడు సణిగేవాడు. "నా నీడలో కూకో బాబూ, ఎండ తగల్దు" అని తనే ముందు నవ్వేది. మా వాడలో లావు మనిషిని లావనరు, బలంగా ఉందంటారు. మా చెల్లి చాలా బలంగా ఉండేది. మోకాళ్ళు అరిగి మెట్టెక్కలేని స్థితి వచ్చాక, పోర్టులో క్రేను నడిపే ఆమె కొడుకు పట్టుబట్టి, పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించాడు. అది మూడేళ్ళ కిందటి మాట.

ఆపరేషనై ఇంటికొచ్చిన మర్నాడు కొడుకు డ్యూటీకి పోతే, మందుల సంచి నా ముందు పెట్టారు. మా మరిది, అంటే చెల్లి మొగుడు, సముద్రం మీద వేటకి పోయే మనిషి, అక్షరం రాదు. చెల్లికీ రాదు. నేను యాభై దాటాక పలక పట్టినదాన్ని, బస్సు బోర్డు నుంచి సబ్బు కాగితం దాకా ఏదీ వదిలేదాన్ని కాదు. ఆస్పత్రి కాగితమంతా ఇంగ్లీషు, పక్కన పడేశాను. రెండు కవర్ల మీద మందుల షాపువాడు తెలుగులో ఒకే మాట రాశాడు. గొంతెత్తి చదివాను. "బలానికి."

"బలానికేటే? ఉన్న బలం సాల్లేదా? అది దించుకుందికే కదా కడుపు కోయించుకున్నావు!"

"వదిన సదివిందంటే ఇంక తిరుగు లేదు" అని మరిది నవ్వాడు.

"బతికున్నన్నాళ్ళూ ఏసుకోమంది అప్పా, డాక్టరమ్మ" అని చెల్లి నసిగింది.

"ఆళ్ళలాగే అంటారు. మళ్ళీ బలిసిపోతావా ఏటి?"

కవర్లు అటకెక్కాయి. కొడుకు అడిగితే వేసుకుంటున్నానని తలూపేది. మొదటి ఏడాదంతా రవికలు బిగించుకుంటూ మురిసిపోయింది. నాలుగు ముద్దలకే కడుపు నిండేది. తర్వాత ఒళ్ళంతా సలుపు మొదలైంది. ముసలితనమే అన్నాను. అదీ నేనే అన్నాను.

ఆ గురువారం ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి పెట్టి చూపించింది. ఆపరేషన్ అయిన పొట్టకి తిండిలో కాల్షియం సరిగ్గా పట్టదట, ఆ బిళ్ళలు ఎముకల బలానికట, అవి పడకపోతే ఒళ్ళు తన ఎముకల్నే తవ్వుకు తింటుందట. ఎముకల బలానికి. షాపువాడు ఇంకొక్క మాట రాసి ఉంటే ఏం పోయేదని లోపల వాణ్ణి తిట్టుకున్నాను. కాని బతికున్నన్నాళ్ళూ అన్న మాట నా చెవిన పడనే పడింది కదా, దాన్ని తోసిపారేసింది షాపువాడు కాదు.

"మళ్ళీ గంప ఎత్తగల్నా అమ్మా?" అని చెల్లి అడిగింది.

"గంప మాట మర్చిపో. ముందు లేచి కూర్చోవడం చూద్దాం" అంది డాక్టరమ్మ. "బిళ్ళలు ఎవరు మానెయ్యమన్నారు?"

ఎవరి తప్పు వాళ్ళ మొహానే అనేసే దాన్నని వాడలో నాకు పేరు. ఆ పూట గోడ మీది కాగితమేదో చదువుతున్నట్టు నిలబడ్డాను.

"ఎవులూ సెప్పలేదమ్మా. నానే మానేసినాను" అంది చెల్లి, కళ్ళు తెరవకుండా.

నిజం చెప్పడానికి అర నిమిషం చాలు. ఇప్పుడు రోజూ వెళ్ళి దాని మంచం పక్కన గంటలకు గంటలు కూర్చుంటున్నాను, ఆ అర నిమిషం మాత్రం దొరకడం లేదు. ఆస్పత్రిలో అది గడిచిపోతున్నప్పుడు ఆ గదిలో ఉన్నవాళ్ళం డాక్టరమ్మ, ఒక నర్సు, చెల్లి కొడుకు, మా మరిది, చెల్లి, నేను; బిళ్ళలు ఎవరు మాన్పించారో తెలిసింది చివరి ముగ్గురికే.